మంగ్లు మరణదృశ్యం, రెండో టేకు

విశాఖపట్నం,
ఫిబ్రవరి 2001.

చిరంజీవి మెర్లిన్‌కు,

ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. అనగా కిందటి ఉత్తరం నాటికి ఉన్న జబ్బులే ఉన్నవి, కొత్తవి చేరలేదు.

నువ్వు కోరిన కెమెరాను అరకు బస్సు డ్రైవరు మంగరాజు చేతికిచ్చి పంపుతున్నాను. డుంబ్రిగుడ సంత దగ్గర దించుతాడు. ఇది పెళ్లిళ్లలో ఆరితేరిన కెమెరా. దుఃఖం దీనికి కొత్త. ఓపికగా అలవాటు చేయవలెను.

సినిమా తీయడం నేర్పమన్నావు. నాకా అర్హత ఉన్నదా అన్న ప్రశ్నను నేనే లేవనెత్తి నేనే తోసిపుచ్చాను. ప్రచార వ్యానులో ఏజెన్సీ ఊరూరా తిరిగి, తెర కట్టి, ప్రొజెక్టరు ఆడించి, ప్రజలు చైతన్యవంతులయ్యే వరకు గాని, జనరేటరులో డీజిలు అయిపోయే వరకు గాని, ఏది ముందైతే అంతవరకు కనిపెట్టుకుని ఉన్న ఉద్యోగిని. వ్యాను మూలపడ్డాక పెళ్లి వీడియోలు తీస్తున్నాను. చైతన్యాన్నీ పెళ్లినీ దగ్గరగా చూసినవాడికి తెలియని కళ అంటూ ఉండదు.

నీకొక అవకాశం కూడా చూశాను. ఇక్కడి ఆరోగ్య చైతన్య సమితి ఒకటి లఘుచిత్రాల పోటీ పెడుతున్నది. విషయం: దోమతెర ఇచ్చినా వద్దన్న గిరిజనుడు మలేరియాతో మరణించుట. కథ వారిదే, ముగింపు వారిదే, నీతి వారిదే. మిగిలినదంతా దర్శకుడి స్వేచ్ఛ. పోటీదారులకు నమూనా దోమతెర ఒకటి చిత్రీకరణ నిమిత్తం ఇస్తున్నారు. అది కూడా కెమెరా సంచిలో ఉన్నది.

తక్కువ ఖర్చు సినిమాకు సూత్రాలు తక్కువ. అరువు తెచ్చిన వస్తువును చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించాలి, లేనిచో రెండో సినిమా ఉండదు. క్యాసెట్టు పలక వంటిది, తుడిచి మళ్లీ రాసుకోవచ్చు, కనుక భయం లేకుండా తీయి. ఇక దర్శకుడికి తెలియవలసినదల్లా ఎక్కడ ఆపాలో. మొదలుపెట్టడం వేలున్న ప్రతివాడికీ వచ్చు.

మీ మామయ్య,
యోనా.


పనసగూడ,
డుంబ్రిగుడ మండలం,
మార్చి 2001.

మామయ్యకు వందనాలు.

కెమెరా, దోమతెర రెండూ అందాయి. పిల్లలకు కెమెరా కంటే దోమతెరే నచ్చింది. ఊళ్లో ఇదొక్కటే. బడిలో కట్టి చూపిస్తే లోపలికి దూరి, "ఇది ఎవులిల్లు టీసరమ్మా?" అని అడిగారు.

మీరు పంపిన కథ వినిపించి, చనిపోయే వేషం ఎవరు వేస్తారని అడిగాను. అందరూ పక్కవాళ్లను చూపించారు. మంగ్లు ఒక్కడే లేచాడు. ఆయన గురించి మీకు చెప్పాలి. కొండవాలున కాస్త కాఫీ, దిగువన చోళ్లు పండించుకునే మనిషి. సంతలో పసుపు అమ్ముడుపోకపోతే తానే అవతలికి వెళ్లి బేరగాడైపోతాడు. తనతో తాను బేరమాడి, గిట్టక, తననే తిట్టి వెళ్లిపోతాడు. జనం మూగుతారు. అప్పుడు మళ్లీ ఇవతలికొచ్చి పసుపు అమ్ముతాడు. నేను తీయాలనుకున్న సినిమా నిజానికి అదే.

దోమతెర వద్దనే దృశ్యంతో మొదలుపెట్టాను. అక్కడే ఆగిపోయాం.

"ఎందుకొద్దంతాను?" అన్నాడు మంగ్లు.

"నీకు అవగాహన లేదు కాబట్టి."

"నాకు నేదు సరే, ఆ సినేమాలోవోడికీ నేదేటి? ఇంటిల్లపాదినీ దోమలు పీక్కు తింతంటే, ఊరికే ఇచ్చిన తెర వొద్దంతాడేటి? పిచ్చోడా ఆడు?"

ఆయన భార్య సోములమ్మ గడపలో కూర్చుని చూస్తోంది. "ఒద్దనీ మావా, సినేమాయే కదా. అటు తిరిగి ఒద్దను, ఇటు తిరిగి కావాలను."

చివరికి అన్నాడు. ఎన్నిసార్లు తీసినా నోరు వద్దంటుంది గాని చెయ్యి మాత్రం తెరను పట్టుకునే ఉంటుంది. చెయ్యి కనిపించకుండా ముఖం వరకే తీశాను. సరైనదేనా?

మీ మెర్లిన్.


విశాఖపట్నం,
మార్చి 2001.

చిరంజీవి మెర్లిన్‌కు,

సరైనదే. చేతికీ నోటికీ భేదాభిప్రాయం ఉన్నప్పుడు నోటిని మాత్రమే చిత్రీకరించుట ప్రచార చిత్రాలలో ఆది నుంచీ ఉన్న పద్ధతి.

మరణదృశ్యం గురించి. చనిపోయినవాడు ఊపిరి తీయరాదు. నటులకిది కష్టం గనుక గుండెమీద దుప్పటి కప్పి, ముఖం మీద కెమెరా పెట్టు. కళ్లు మూసుకున్నాక రెప్పలు కదులుతాయి, కనుక ముందుగా ఎండలోకి చూపించి అలవాటు చేయి.

ముఖ్యంగా డప్పు కావాలి. చావు డప్పు లేని గిరిజన మరణాన్ని న్యాయనిర్ణేతలు మరణంగా గుర్తించరు. వాళ్లలో ఒకాయన ఇదివరకు నా వ్యాను మీద ఎక్కి ఉపన్యాసాలిచ్చినవాడే. కొండల్లో డప్పు, జాలర్లలో అలలు, రైతుల్లో నెర్రెలిచ్చిన నేల ఉండాలని ఆయన సిద్ధాంతం. ఈ మూడింటిలో ఏదో ఒకటి లేకుంటే ప్రజల కష్టం ఆయనకు అర్థం కాదు.

ఊళ్లో అడుగు. ఇస్తారు. అడిగితే ఇవ్వని ఊరు ఆ కొండల్లో నాకు తారసపడలేదు. అందుకే కాబోలు అందరూ అడుగుతూ వచ్చారు.

యోనా మామయ్య.


పనసగూడ,
ఏప్రిల్ 2001.

మామయ్యకు,

డప్పు అడగ్గానే నవ్వుతున్నవాళ్లు నవ్వడం ఆపారు.

ఇక్కడ దిసారి ధనరాజు గారని ఒక పెద్దాయన. ఊరికి మంచి రోజులు చూసేదీ, పోయినవాళ్లను పెద్దల్లో కలిపేదీ ఆయనే. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"గుంటా, నీకు తెల్దు. మా ఊళ్లో సావు డప్పు మనిషికొక్కసారే. రెండోసారి కొడితే అది ఆ మనిషికి కాదు, ఆ ఇంట్లో ఇంకోల్ని పిలిసినట్టు. ఆటకి కొట్టీది కాదది."

నేను సరేనన్నాను, మామయ్యా. డప్పు లేకుండానే తీస్తానన్నాను. మంగ్లు ఒప్పుకోలేదు.

"ఒక్కసారే కదా తాతా? ఆ ఒక్కసారీ నానింటుండగా కొట్టండి. సచ్చినాక కొడితే ఎవుడింతాడు? నాకోసం ఎవులేడుత్తారో, ఎవులు ఏడిసినట్టు నటిత్తారో నాను సూసుకోవద్దేటి?"

ఊరంతా నవ్వింది. దిసారి నవ్వలేదు. "మరి నిజంగా పోయినప్పుడు?"

"అప్పటికీ ఇదే. టీసరమ్మ పెట్టెలో ఉంతాది కదా. అప్పుడు తీసి ఇనిపిత్తాది. ఏటమ్మా, దాత్తావా?"

దాస్తానన్నాను.

దృశ్యం ఒక్కసారే తీశాం. రెండోసారి డప్పు కొట్టరు గనుక రెండో టేకు లేదు. కొడుతున్నవాళ్లు మొదట మొహమాటపడ్డారు. తరవాత వాళ్ల చేతులు వాళ్ల మాట వినలేదు. సోములమ్మ ఏడుపుపాట ఎత్తుకుంది. మంగ్లు ఏ సంతలో తాగి పడ్డాడో, వానలో తనను వీపున వేసుకుని గెడ్డ ఎలా దాటించాడో, అన్నీ అందులోనే పెట్టి పాడింది. నటించమన్న ఆడవాళ్లందరూ నిజంగా ఏడ్చారు. మంగ్లు దుప్పటి కింద కదలకుండా, కళ్లు మూసుకుని వింటున్నాడు. మధ్యలో చిన్నగా నవ్వాడు. మీరది తీసేస్తారని తెలుసు.

ఆఖరి దెబ్బ పడ్డాక "కట్" అన్నాను. బటన్ నొక్కడం మరిచిపోయాను. మంగ్లు ఒక కన్ను తెరిచి, "ఇంక లేవొచ్చేటి?" అని అడిగాడు. లేవమన్నాను. లేచి కూర్చుని సోములమ్మతో, "ఆ సంతలో నాను తాగనేదే, కాలుజారి పడ్డాను," అన్నాడు.

క్యాసెట్టు, కెమెరా మంగరాజుతో పంపుతున్నాను.

మెర్లిన్.


విశాఖపట్నం,
మే 2001.

చిరంజీవి మెర్లిన్‌కు,

చిత్రం పూర్తయినది. ఎడిటింగ్ అనగా ఒక వీసీఆర్‌లో చూస్తూ మరొక వీసీఆర్‌లోకి ఎక్కించుట. మధ్యలో నచ్చనిది రాకుండా వేలు అడ్డుపెట్టుట. మృతుడు చిరునవ్వు నవ్విన భాగాన్ని తొలగించాను. మరణం పట్ల అతని వైఖరి సమితి ఆశయాలకు అనుగుణంగా లేదు.

డప్పు గురించి చిన్న మార్పు. నీ కెమెరాకున్న మైకు చిన్నది. దగ్గరగా మోగిన డప్పును అది తట్టుకోలేక గరగరలాడింది. కనుక ఆ దృశ్యం పొడవునా శబ్దం తీసివేసి, నా వద్ద అప్పగింతల కోసం ఉంచుకున్న వయొలిన్ సంగీతం వేశాను. కీబోర్డు మీద వాయించినదే గాని, వధువు తండ్రులెవ్వరూ ఇంతవరకు దానికి తట్టుకుని నిలబడలేదు. న్యాయనిర్ణేతలు ఆపాటివారే. డప్పు చేతులు తెరమీద కనిపిస్తాయి గనుక ఆయన సిద్ధాంతానికీ భంగం లేదు.

దోమతెర వెంటనే పంపు. చెప్పిన గడువు దాటినది. ఒక్క దోమతెర తిరిగి రాకపోతే గిరిజనులకు నమ్మి ఏదీ ఇవ్వలేమని తీర్మానించడానికి కొందరు సభ్యులు సిద్ధంగా ఉన్నారు. వారికా సంతోషం కలిగించవద్దు.

వైశాఖ ముహూర్తాలు. ఊపిరి సలపడం లేదు.

యోనా మామయ్య.


పనసగూడ,
జూన్ 2001.

మామయ్యకు,

దోమతెర ఈ సంతకే పంపుతున్నాను. షూటింగు అయ్యాక అది మంగ్లు ఇంట్లోనే ఉంది. మాసిపోకుండా ఉంటుందని నేనే ఉంచమన్నాను. అడగడానికి వెళ్లేసరికి కట్టి ఉంది. కింద ఆయన, సోములమ్మ పడుకుంటున్నారు.

"సినేమాలో వొద్దన్నాను గానమ్మా, నాకు కావాలిది," అన్నాడు. "మీ సమితోల్లకి సెప్పు. ఆడు వొద్దన్నాడు, మంగ్లు కావాలన్నాడని సెప్పు."

ఇది షూటింగు సామాను, తిరిగి ఇచ్చేయాలి, ఇస్తేనే రేపు ఊరందరికీ ఇస్తారని చెప్పాను. మీ ఉత్తరంలోని మాటలే చెప్పాను. ఆయన వాదించలేదు. తానే విప్పి, చిరుగులేమైనా ఉన్నాయేమోనని వెలుతురుకు పట్టి చూసి, మడిచి ఇచ్చాడు. సోములమ్మ మాత్రం, "నువ్వు వొద్దన్నావు గదా, ఆల్లు నమ్మీసినారు. మా బాగా ఏసినావు ఏసం," అంది.

వయొలిన్ సంగతి చదివాను. మీ చిత్రంలో మీకు నచ్చినట్టు చేసుకోండి. ఆ అసలు క్యాసెట్టు మాత్రం జాగ్రత్తగా ఉంచండి. నేను ఆయనకు మాటిచ్చాను.

వానలు మొదలయ్యాయి.

మెర్లిన్.


విశాఖపట్నం,
జులై 2001.

చిరంజీవి మెర్లిన్‌కు,

దోమతెర చేరినది, సమితికి అప్పగించాను. చాలా బాగా మడిచారని మెచ్చుకున్నారు. మీ చిత్రం తుది పరిశీలనకు ఎంపికైనది.

ఇక్కడ కూడా వానలు. మీ అమ్మ మగ్దలేనమ్మకు మోకాళ్ల నొప్పి ఎక్కువైనది. ప్రార్థనకు వెళ్లి మోకరించడం మాని, కూర్చుని చేస్తున్నది. దేవుడికి అభ్యంతరం ఉన్నట్టు సమాచారం లేదు.

ఇతర విషయాలు తరువాత రాస్తాను.

యోనా మామయ్య.


పనసగూడ,
ఆగస్టు 2001.

మామయ్యా,

మంగ్లు పోయాడు.

జ్వరమని పడుకున్నాడు. చలికి మంచం ఊగింది. మర్నాటికి తగ్గి, సంతకు వెళ్తానన్నాడు. మళ్లీ వచ్చింది. పరీక్షకు రక్తం తీసుకువెళ్లడానికి వచ్చిన మనిషి తీసుకువెళ్లాడు. గెడ్డ పొంగి ఉండగా డోలీలో కట్టి ఆసుపత్రికి మోసుకెళ్లారు. అవతలి ఒడ్డుకు చేరాక, బరువు మారిందని ముందు మోస్తున్నవాళ్లే చెప్పారట. రక్తంలో మలేరియా ఉన్నదని కబురు తరవాత వచ్చింది.

డోలీలో పడుకోబెట్టినప్పుడు నన్ను చూసి, "ఈసారి ఊపిరి బాగా బిగబట్టాలేటి?" అన్నాడు. అందరం కోప్పడ్డాం.

డప్పు లేకుండా పూడ్చారు. కొట్టేవాళ్లు డప్పులు తెచ్చారు, వేడి చేసుకోవడానికి మంట కూడా వేశారు. దిసారి వద్దన్నారు. ఆ మనిషికి కొట్టేశాం, మళ్లీ కొడితే ఆ ఇంట్లో మిగిలింది సోములమ్మ ఒక్కతే అన్నారు. కట్టెలు కాలి ఆరిపోయేదాకా డప్పులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. 

డప్పు వినకుండా వెళ్లినవాడు పెద్దల్లో కలవడట. అతని గుర్తుగా రాయి నిలబెట్టకూడదట. పొలానికీ ఇంటికీ మధ్య తిరుగుతూ ఉంటాడట. ఏం చేయాలని అడిగితే దిసారి ఒకటే చెప్పారు. "కొత్తగా కొట్టకూడదు. కొట్టిందే ఇనిపించాలి. ఆఖరి దెబ్బ ఇనిపిత్తే సాలు, ఎల్తాడు."

నిన్న సోములమ్మ బడికి వచ్చింది. పిల్లలు లెక్కలు చేస్తున్నారు. గుమ్మంలోనే నిలబడి, "మావోడి డప్పు నీకాడుంది టీసరమ్మా. తే," అంది.

క్యాసెట్టు, కెమెరా వెంటనే పంపండి.

మెర్లిన్.


విశాఖపట్నం,
సెప్టెంబరు 2001.

చిరంజీవి మెర్లిన్‌కు,

నీ ఉత్తరం చదివి మీ అమ్మ అన్నం తినలేదు. నేను తిన్నాను. బహుమతి ప్రదానానికి వెళ్లవలసి ఉండెను.

సభ ఘనంగా జరిగినది. వేదిక మొత్తాన్ని దోమతెరలతో అలంకరించారు. వెనుక తెరలుగా కొన్ని, స్తంభాలకు చుట్టి కొన్ని, ముఖ్య అతిథి తలపైన పందిరిగా కొన్ని. అక్కడ కూర్చున్న ఏ ఒక్కరినీ దోమ సమీపించలేదు. సభ ముగిశాక వాటిని లెక్క చూసి కట్టలు కట్టి మళ్లీ గదిలో పెట్టి తాళం వేశారు.

మీ చిత్రానికి ద్వితీయ బహుమతి. ప్రథమ బహుమతి రాకపోవడానికి కారణం న్యాయనిర్ణేతలు వివరించారు. మరణదృశ్యంలో నటుడు అత్యంత సహజంగా ఉన్నాడు. అయితే దోమతెరను తిరస్కరించే ఘట్టంలో అతని ముఖాన తగినంత అయిష్టత కనిపించలేదు.

నటుడు చనిపోయాడని అధ్యక్షులకు తెలియజేశాను. ఎలా అని అడిగారు. చిత్రంలో చూపినట్టే అన్నాను. ఆయన చాలా కదిలిపోయి, ఆ సంగతి చిత్రం చివర అక్షరాలలో వేస్తే సందేశానికి మరింత బలం వస్తుందన్నారు. అతడు దోమతెర అడిగాడనీ, మనమే వెనక్కి తీసుకున్నామనీ అన్నాను. అది ఈ చిత్రం పరిధిలోకి రాదని వారు చెప్పారు. అప్పుడే టిఫిను పొట్లాలు వచ్చినందున చర్చ వాయిదా పడినది.

క్యాసెట్టు విషయం పరిశీలనలో ఉన్నది.

యోనా మామయ్య.


పనసగూడ,
సెప్టెంబరు 2001.

మామయ్యా,

"పరిశీలనలో ఉన్నది" అని మీరు వ్యానులో ఉన్నప్పుడు ఊళ్లవాళ్ల అర్జీలకు జవాబు రాసేవారు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. ఇంట్లో మీరే చెప్పి నవ్వించేవారు.

సోములమ్మ రోజూ అన్నం రెండు ఆకుల్లో పెడుతోంది. అడిగితే, వెళ్లనివాడికి ఆకలి ఉండదా అంటుంది.

క్యాసెట్టు ఉందా, లేదా?

మెర్లిన్.


విశాఖపట్నం,
అక్టోబరు 2001.

చిరంజీవి మెర్లిన్‌కు,

అడిగిన సమాచారం ఈ దిగువన.

సదరు క్యాసెట్టు వైశాఖ మాసంలో పునర్వినియోగించబడినది. చిత్రం పూర్తయినందున, ఖాళీ క్యాసెట్లు దొరకనందున, వరహాలరావు గారి కుమార్తె వివాహం దానిపై చిత్రీకరించబడినది. నువ్వు జాగ్రత్త చేయమని రాసిన ఉత్తరం అందే నాటికి వధువు అత్తవారింటికి వెళ్లిపోయినది.

ఈ వాక్యాలకు కర్త లేడని నువ్వు గమనించే ఉంటావు. నా ఉద్యోగమంతా అలాంటి వాక్యాలే రాశాను. ఇప్పుడు కర్త కోసం వెతికితే గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను.

ఇన్నాళ్లూ ఆ క్యాసెట్టును చూసే ధైర్యం చేయలేదు. నీ ఉత్తరం వచ్చాక చూశాను. ఆశీర్వచనాలు, భోజనాలు, అప్పగింతలు. కారు వీధి మలుపు తిరుగుతుంది. తెర ఒక్క క్షణం గీతలు గీతలై, వెంటనే డప్పు. పెళ్లి క్యాసెట్టంతా నింపలేదు, చివర కొంచెం మిగిలింది. సోములమ్మ పాటలో ఆఖరి చరణం ఉన్నది. మంగ్లు ముఖం ఉన్నది. ఆఖరి దెబ్బ ఉన్నది. గరగరలాడుతుందని నేను తీసివేసిన ఆ శబ్దం గరగరలాడడం లేదు, మెర్లిన్. పెళ్లి సంగీతం విని విని నా చెవులే అలా తయారైనవి.

ఆ తరువాత నువ్వు "కట్" అంటావు. బటన్ నొక్కలేదు గనుక అతడు లేచి కూర్చుంటాడు. పెద్దాయన చెప్పినదాన్నిబట్టి ఆలోచిస్తే అక్కడివరకు పోనివ్వకూడదని నాకు తోస్తున్నది. దెబ్బకూ నీ మాటకూ మధ్య ఊపిరి తీసుకునేంత సందు ఉన్నది. అక్కడ ఆపాలి. మొదటి ఉత్తరంలో చాలా తేలికగా రాశాను. ఆ వేలి మీద ఇంత బరువు ఉంటుందని అప్పుడు నాకూ తెలియదు.

కెమెరా, క్యాసెట్టు, నా దగ్గరున్న బ్యాటరీలన్నీ చార్జి చేసి మంగరాజుతో పంపుతున్నాను. ఒక దోమతెర కూడా ఉన్నది. బజారులో కొన్నాను. తిరిగి పంపనవసరం లేదు.

యోనా.


పనసగూడ,
నవంబరు 2001.

మామయ్యకు,

అన్నీ అందాయి. దోమతెర సోములమ్మకు ఇచ్చాను. తీసుకుంది. కట్టలేదు.

మంగ్లును పూడ్చిన చోట ఊరంతా చేరింది. నిలబెట్టాల్సిన రాయిని మోసుకొచ్చి పక్కన పడుకోబెట్టారు. ఎండ పడి చిన్న తెర కనిపించదని దిసారి తన దుప్పటి పట్టి నీడ చేశారు. డప్పు కొట్టేవాళ్లు చేతులు కట్టుకుని ముందు వరసలో నిలబడ్డారు. వాళ్లకు ఆ రోజు పనిలేదు.

సరైన చోటు దొరక్క కాస్త వెనక్కి తిప్పేశాను. అందుకని ముందు మీ పెళ్లి అప్పగింతలు వచ్చాయి. వరహాలరావు గారి అమ్మాయి తల్లిని పట్టుకుని ఏడుస్తోంది. ముందుకు తిప్పబోతే సోములమ్మ నా చెయ్యి ఆపింది.

"ఎవులా పిల్ల? ఎందుకేడుత్తంది?"

"పెళ్లయింది. వేరే ఊరు పంపేస్తున్నారు."

"ఉండనీ. ఏడవనీ. మావోడికే అనుకుంతాను."

ఆడవాళ్లంతా ఆ పిల్లతో కలిసి ఏడ్చారు. కారు మలుపు తిరిగింది. తెర గీతలైంది. డప్పు మోగింది.

అది చాలా చిన్న శబ్దం, మామయ్యా. గూటిలో పురుగు కదిలినట్టు. అయినా చెట్ల అవతల మేకలు కాస్తున్నవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. సోములమ్మ తన గొంతే తాను విన్నది. పెదవులు కదిపింది గాని పాడలేదు, మళ్లీ పాడితే కొత్తగా పాడినట్టవుతుందని. ఆఖరి దెబ్బ పడింది. ఆపాను. మీరన్న సందులోనే ఆపాను. రాయి నిలబెట్టారు.

వెళ్లేముందు దిసారి, "ఆ మిగతాది తుడిసీయ్ గుంటా," అన్నారు. "డప్పు ఇన్నాక లేసిన మనిసి అందులో ఉండకూడదు. ఉంటే ఇక్కడోడు ఎల్లడు."

తుడుస్తానన్నాను. తుడవలేదు. ఒక బ్యాటరీలో ఇంకా కొంచెం ప్రాణం ఉంది. మూడు సంతలు గడిచాయి. నిన్న అన్నం బెల్లు కొట్టాక సోములమ్మ వచ్చింది. పిల్లలు బయట తింటున్నారు.

"తుడిసినావేటి?"

లేదన్నాను.

"నాను అన్నం ఒక ఆకులోనే పెట్టుకుంతన్నాను. నువ్వు తుడవనేదని తెలిసింది. ఆడు గడపకాడికొచ్చి ఆగిపోతన్నాడు. సూపించు. సూసి తుడిసీద్దాం."

బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆఖరి దెబ్బ పడింది. ఈసారి ఆపలేదు. నా గొంతు "కట్" అంది. మంగ్లు ఒక కన్ను తెరిచి మమ్మల్నిద్దర్నీ చూశాడు.

"ఇంక లేవొచ్చేటి?"

తెర మీద ఉన్న నేను జవాబు చెప్పేలోపే సోములమ్మ చెప్పింది, కోపం లేకుండా, పొద్దున్నే పనికి లేవబోయే మనిషికి చెప్పినట్టు.

"నేదు మావా. పడుకో."

ఆ తరవాత క్యాసెట్టును ఆ దెబ్బ దగ్గరికే తిప్పి, కెమెరాను కిటికీలో కొండవైపు పెట్టి, రికార్డింగు ఎర్ర బటన్ నొక్కాను. క్యాసెట్టు అయిపోయేదాకా ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. కెమెరా తిరిగి పంపుతున్నాను. పెళ్లివారికి కాపీ ఇవ్వాల్సి వస్తే చివరిదాకా ఎక్కించకండి. కారు మలుపు తిరిగాక కొంచెం డప్పు, తరవాత కొండ, దానిమీద ఎండ. ఇంకేమీ లేదు.

మెర్లిన్.